విహారగృహములలో వంతు: మహామారి నేర్పిన లెక్క

వేసవి సెలవులు సమీపించినంతనే ప్రతి గృహమునందును "ఈ యేడు పిల్లల నెక్కడికి తీసికొనిపోవుదము?" అను ప్రశ్న పుట్టుచుండును. మన తల్లుల కాలమున ఈ ప్రశ్నకు సమాధానము వెదకవలసిన పని యుండెడిది కాదు. అమ్మమ్మగారి యూరే వేసవి విడిది. మేనమామగారి మామిడితోటయే విహారవనము. అంతకు మించిన ప్రయాణమన్నచో తిరుపతియో, కాశీయో. నేడు కుటుంబములు చిన్నవైనవి. పల్లెలలోని పెద్దయిండ్లు పెక్కింటికి తాళములు పడినవి. భార్యాభర్తలిద్దఱును ఉద్యోగములు చేయు సంసారములలో, ఏటికొక వారమైనను చల్లని కొండమీదనో సముద్రతీరముననో పిల్లలతో గడపవలెనను కోరిక సహజమే. అందునను, ఒరులు వండి వడ్డింపగా తాను కూర్చుండి భుజించు ఏడు దినములు గృహిణికి ఎంతటి విశ్రాంతియో మన సోదరీమణులకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఈ కోరికనే ఆధారముగా జేసికొని యొక వ్యాపారము లోకమంతట వ్యాపించినది. దాని పేరు టైమ్‌షేరు. పెద్ద బజారులలో చీటీ నింపి పెట్టెలో వేయుమందురు. కొన్ని దినములకు ఫోను వచ్చును. "మీకు బహుమతి వచ్చినది, వచ్చి తీసికొనుడు, కాని దంపతులిద్దఱును కలిసి రావలెను" అందురు. ఈ కడపటి నిబంధనను మనవారు గమనింపవలెను. ఇంటి ఇల్లాలు సమ్మతింపనిదే పెద్దసొమ్ము గడప దాటదని అమ్మువారు చక్కగా నెఱుగుదురు. కావున ఈ విషయమున మంచిచెడ్డల తీర్పు సగము మన చేతిలోనే యున్నది. తీర్పు చెప్పవలసినవారికి సంగతి తెలిసియుండవలెను గదా! 2020లో వచ్చిన కోవిడ్ మహామారి ఈ వ్యాపారముయొక్క గుణదోషములను రెంటిని ఎండలో ఆరవేసినట్లు బయటపెట్టినది. వానిని మాకు తోచినంతలో ఇచట విన్నవించుచున్నాము.

వంతు అనగా నేమి?

నలుగురు రైతులు కలిసి యొక బావి త్రవ్వించి, వారమునకు ఇన్నిదినములని వంతులు వేసికొని నీరు పెట్టుకొనుట మన పల్లెలలో ఎల్లరు నెఱిగిన విషయమే. టైమ్‌షేరును అట్టిదే. ఒక విహారగృహమును ఒక్క కుటుంబము కొనుటకు మాఱుగా పలుకుటుంబములు కొని, ఏడాదిలోని 52 వారములను పంచుకొనును. ఎవరి వారమున వారు వచ్చి యుందురు.

ఈ పద్ధతి ఐరోపాలో పుట్టినది. 1963లో స్విట్జర్లాండు దేశమున హాపీమాగ్ అను సంస్థ సభ్యులచేత వాటాలు కొనిపించి, ఆ సొమ్ముతో విడిదిగృహములను సంపాదించి, వానిలో బసచేయు హక్కును వారికి పంచిపెట్టినది. తరువాత అమెరికాలో 1970ల నడుమ చమురు ధరలు పెరిగి, ఫ్లోరిడా తీరమున కట్టిన ఇండ్లు అమ్ముడుపోని కాలమున, వానిని వారముల చొప్పున అమ్ముట లాభకరమని వర్తకులు కనుగొనిరి. 1974లో ఆర్.సి.ఐ. అను సంస్థ వెలసి, ఒక యూరి వంతును మఱియొక యూరి వంతుతో మార్చుకొను వీలు కల్పించినది. మన దేశమున 1980లలో స్టెర్లింగ్ సంస్థయు, 1996లో మహీంద్రా వారి సంస్థయు ఈ వ్యాపారమునకు దిగినవి. మహీంద్రా వారి క్లబ్బులో ఏటికి ఏడు రాత్రుల చొప్పున 25 ఏండ్లకు సభ్యత్వము ఇచ్చుట ప్రసిద్ధి కెక్కిన పద్ధతి. రద్దీగల కాలమునకు ఒక రంగు, రద్దీలేని కాలమునకు మఱియొక రంగు పెట్టి, రంగునుబట్టి ధర నిర్ణయింతురు.

ఇచట నొక భేదమును గుఱుతుంచుకొనవలెను. అమెరికాలో కొన్ని ఒప్పందములవలన వంతుదారునకు ఆస్తిహక్కే సంక్రమించును. మన దేశమున సాధారణముగా దొరకునది గడువుగల సభ్యత్వము మాత్రమే. గడువు ముగిసిన నాడు చేతిలో గోడయు మిగులదు, గుమ్మమును మిగులదు. "ఇల్లు కొన్నాము" అని బంధువులతో చెప్పుకొనుట పొరపాటు. కొన్నది ఇల్లు కాదు, రాత్రులు.

తలుపులు మూతపడిన యేడు

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్యసంస్థ కోవిడ్‌ను మహామారి యని ప్రకటించినది. మార్చి 20 నుండి తిరుమలలో భక్తులకు దర్శనము నిలిచిపోయినది. జూన్ మొదటివారము దాటువఱకు ఆ కొండ నిర్జనముగా నుండెను. మార్చి 25న దేశమంతట లాక్‌డౌను ఆరంభమైనది. దేశములోపలి విమానములు మే 25న కదలినవి. జూన్ 8 తరువాతనే హోటళ్లు తెఱచుటకు కేంద్రప్రభుత్వము అనుమతించినది. విదేశములకు మామూలు విమానములు మరల నడచుటకు 2022 మార్చి 27 వఱకు వేచియుండవలసివచ్చెను. 2019లో మన దేశమునకు 1 కోటి 9 లక్షలమంది విదేశీయాత్రికులు రాగా, 2020లో వచ్చినవారు 27 లక్షలు మాత్రమే. ప్రపంచమంతట 2019లో సుమారు 146 కోట్లుగా నున్న విదేశయాత్రలు మఱుసటి యేడు 40 కోట్లకు పడిపోయినవి.

అట్టి కాలమున హోటలులో గది తీసికొనువాని సంగతి వేఱు, వంతుదారుని సంగతి వేఱు. మొదటివాడు ప్రయాణము మానుకొన్నచో అతనికి ఖర్చును లేదు. రెండవవాడు పోయినను పోకున్నను ఏటేటా కట్టవలసిన నిర్వహణ రుసుము కట్టియే తీఱవలెను. అమెరికాలో ఈ రుసుము ఆనాడు ఏటికి సుమారు వెయ్యి డాలర్లుగా నుండెను. అచటి విహారగృహములు పెక్కు ఆ వసంతమున మూతపడినను, రుసుము బిల్లులు మాత్రము ఇల్లు వెదకికొని వచ్చినవి.

దీనిని కేవలము అన్యాయమని కొట్టివేయుటకును వీలులేదు. తలుపు మూసినంతమాత్రమున ఇంటి ఖర్చు ఆగదని గృహిణికి తెలియనిది కాదు. కావలివాడు ఉండవలెను, పన్ను కట్టవలెను, వానకు కప్పు కారకుండ చూడవలెను, పక్కలు పఱచు స్త్రీలకు, వంటవారికి జీతములు ఇయ్యవలెను. బావిలో నీరు లేని యేడు కూడ పూడిక తీయించు ఖర్చు రైతులు పంచుకొనవలసినదే. కాని, బావి పంచుకొన్న నలుగురును ముఖాముఖి కూర్చుండి లెక్క చూచుకొందురు. విహారగృహమున వంతుదారులు వేలకొలది. లెక్క వ్రాయువాడు వేఱొకడు. చిక్కంతయు నచటనే యున్నది.

కొన్ని సంస్థలు వాడుకొనని రాత్రులను మఱుసటి యేటికి జమకట్టినవి. వినుటకు ఇది మేలుగానే యున్నది. కాని జమ కట్టినంతమాత్రమున గదులు పెరుగవు. ఒక గదికి ఏడాదిలో 52 వారములే. రెండేండ్ల వంతుదారులు ఒకే యేటిలో వచ్చి నిలిచినచో 52 వారములకు 104 మంది పోటీపడుదురు. అందును దసరా సెలవులు, వేసవి సెలవులు అందఱికి నొక్కసారియే వచ్చును. పుస్తకములో రాత్రులు నిలువయున్నను గది దొరకకపోవుటకు కారణ మిదియే. ఇంకొక లెక్క చూడుడు. 1996లో 25 ఏండ్లకు ఒప్పందము వ్రాసికొన్న కుటుంబమునకు గడువు 2021తో ముగియును. అట్టివారు గడువు పొడిగింపు పొందనిచో వారి కడపటి రెండేండ్లు మహామారి పాలైనట్లే.

మేలు పక్షము

ఇంత చెప్పినతరువాత మేలును చెప్పకపోవుట ధర్మము కాదు. మహామారి కొంత తగ్గి జనులు మరల బయలుదేరినప్పుడు, వారు మొదట వెదకినది ఇట్టి విడిదులనే. కారణము స్పష్టము. హోటలులో ఒకే వసారా, ఒకే భోజనశాల, వందలమందితో ఒకే లిఫ్టు. విహారగృహములో రెండు మూడు గదులు, ప్రత్యేకమైన వంటయిల్లు, తమ కుటుంబము తామే. వృద్ధులైన అత్తమామలను, పసిపిల్లలను వెంటబెట్టుకొని పోవువారికి ఈ ఏకాంతము గొప్ప ధైర్యము. విమానమెక్కుటకు భయపడి, సొంతకారులో పోదగిన దూరములో నున్న చోట్లనే అందఱును కోరిరి. మన వైపున అరకు, లంబసింగి, హార్స్‌లీ కొండలవంటి చోట్లకు ప్రయాణములు హెచ్చుటకును ఇదియే కారణము.

అమెరికా లెక్కలు ఈ మాటను బలపఱచుచున్నవి. అచట 2019లో 1,050 కోట్ల డాలర్ల వంతులు అమ్ముడుపోయినవి. 2020లో ఆ మొత్తము 490 కోట్లకు, అనగా సగముకంటె తక్కువకు దిగినది. 2021లో 810 కోట్లకు లేచి, 2022లో మరల 1,050 కోట్లకు చేరినది. టైమ్‌షేరు మహామారితో అంతరించునని జోస్యము చెప్పినవారి మాట దబ్బరయైనది. వ్యాపారము నిలిచినది. అయితే వ్యాపారము నిలుచుట వేఱు, వంతు కొన్న కుటుంబము సుఖపడుట వేఱు. మనకు కావలసినది రెండవ లెక్క.

ఇంటి లెక్క

కాగితము, పెన్సిలు తీసికొని చూతము. సభ్యత్వము 4 లక్షల రూపాయలనియు, 25 ఏండ్లకనియు, ఏటికి ఏడు రాత్రులనియు, వార్షిక రుసుము 20 వేలనియు అనుకొందము. ఇవి యే సంస్థ ధరలును కావు. లెక్క తెలియుటకై మేము కల్పించుకొన్నవి.

4 లక్షలను 25చే భాగించినచో ఏటికి 16 వేలు. రుసుముతో కలిసి 36 వేలు. ఏడు రాత్రులకు పంచగా రాత్రికి ఐదువేలకు పైచిలుకు. "ఇంత మంచి గది యీ ధరకు ఎక్కడ దొరకును?" అని అమ్మువారు అడుగుదురు. నిజమే. కాని అదే 4 లక్షలను నూటికి ఆఱు వడ్డీకి బ్యాంకులో వేసినచో ఏటికి 24 వేలు వచ్చును. దానికి మనము కట్టవలసిన రుసుము 20 వేలు కలిపిన 44 వేలతో ఏటేటా నచ్చినచోట గది తీసికొనవచ్చును. పోనియేడు ఆ సొమ్ము మిగులును. 25 ఏండ్ల పిమ్మట అసలు 4 లక్షలు చెక్కుచెదరక యుండును. వాయిదాల మీద కొన్నచో వడ్డీ మనకు వచ్చుటకు మాఱు మనమే కట్టుదుము.

ఇంకను రుసుము నిలుకడగా నుండునది కాదు. ఏటికి నూటికి ఆఱు చొప్పున పెరిగినచో పండ్రెండేండ్లలో అది రెట్టింపగును; ఇరువదినాలుగేండ్లకు నాలుగింతలగును. ఏనుగును కొనుట యొక యెత్తు, ఏటేటా మేపుట యొక యెత్తు. పైగా, పదేండ్లవాడైన కుమారుడు పదవతరగతికి వచ్చును. అత్తగారికి ప్రయాణము పడకపోవును. ఉద్యోగము ఊరు మారును. రెండేండ్ల కొకసారి మాత్రమే పోగలిగిన కుటుంబమునకు పై లెక్కలోని రాత్రి ధర పదివేలు దాటును. ప్రతియేడును తప్పక పోవువారికి, సెలవులను ముందుగా నిర్ణయించుకొనగలవారికి, పెద్దకుటుంబముతో కలిసి పోవువారికి టైమ్‌షేరు లాభమే. ఇతరులకు అది కట్టుగుంజ.

సంతకమునకు ముందు

ప్రవేశించుట సులభము, బయటపడుట కష్టము. అమెరికాలో కొన్ని ఒప్పందములకు గడువే లేదు. కొన్నవారు మరణించినను భారము వారసుల తలుపు తట్టును. వద్దనుకొన్న వారసులు సకాలమున వ్రాతమూలముగా నిరాకరింపవలెను. తమ వంతును ఒక్క డాలరుకే యిచ్చివేయుదుమని ప్రకటించువారును అచట కలరు. ఈ దురవస్థను కనిపెట్టి మోసగాండ్రు బయలుదేరిరి. "మీ వంతును అమ్మిపెట్టెదము, ముందు రుసుము పంపుడు" అని ఫోను చేసి వృద్ధుల సొమ్ము కాజేసిరి. మెక్సికోలోని ప్యూర్టో వయార్టా పట్టణమున ఒక నేరముఠాయే ఈ పనిలో నున్నదని 2023లో అమెరికా ఖజానా శాఖ ప్రకటించి ఆంక్షలు విధించినది. మహామారి కాలమున ఉద్యోగము పోయి, వంతును వదిలించుకొనుటకు ఆతురపడుచున్నవారే ఇట్టివారికి సులభముగా చిక్కుదురు. అమ్మిపెట్టుటకు ముందుగా సొమ్ము కోరువాని మాట నమ్మరాదను సూత్రమును గట్టిగా పట్టుకొనవలెను.

మన దేశమున మఱియొక వేషము కలదు. గదిరాత్రుల పేర సొమ్ము కట్టించుకొని, వాడుకొననిచో లాభముతో తిరిగి యిత్తుమని చెప్పుట. పాన్‌కార్డ్ క్లబ్స్ అను సంస్థ ఇట్లు లక్షలమందివద్ద వసూలు చేసిన 7 వేల కోట్ల రూపాయలకు పైబడిన సొమ్మును తిరిగి చెల్లింపవలెనని సెబీ 2016లో ఆజ్ఞాపించినది. విహారమునకు పోవు వంతు విహారము నిచ్చును గాని లాభము నీయదు. లాభమని యెవరైన పలికినంతనే కుర్చీలోనుండి లేచిరావలెను.

ఐరోపా దేశములలో టైమ్‌షేరు కొన్నవారు 14 దినములలోపల కారణము చెప్పకయే ఒప్పందమును రద్దుచేసికొనవచ్చును. ఫ్లోరిడాలో ఈ గడువు 10 దినములు. మన దేశమున ఈ వ్యాపారమునకు ప్రత్యేక చట్టము లేదు; ఒప్పందములో వ్రాసినంతవఱకే మనకు రక్ష. కావున బహుమతి పుచ్చుకొన్న మొగమాటమున నాడే సంతకము చేయరాదు. కాగితములు ఇంటికి తెచ్చుకొని చదివి, ఈ క్రింది ప్రశ్నలకు వ్రాతలో జవాబు కోరవలెను. రద్దుచేసికొనుటకు ఎన్నిదినముల వ్యవధి కలదు? వార్షిక రుసుము ఏటికి ఎంతకు మించి పెరుగరాదు? ప్రభుత్వాజ్ఞవలన విడిది మూతపడినచో ఆ కాలమునకు రుసుము తగ్గునా, గడువు పెరుగునా? దసరాకు గది కావలెనన్న ఎన్ని నెలల ముందు కోరవలెను? మధ్యలో విడిచిపోదలచినచో తిరిగి వచ్చున దెంత? నోటిమాటగా చెప్పిన హామీ కాగితముపై లేనిచో అది లేనట్లే.

ఇదివఱకే చిక్కుకొన్నవారు నిరాశ పడనక్కఱలేదు. 2020 జులై 20న అమలులోనికి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము సంస్థ యెచటనున్నను, మనము నివసించుచోటనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. చెల్లించిన మొత్తము 5 లక్షలకు లోబడినచో జిల్లా కమిషనులో రుసుమే లేదు. రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను. అన్యాయమైన ఒప్పందములను గుఱించి రాష్ట్ర కమిషను నాశ్రయింపవచ్చును. 1915 అను నంబరునకు ఫోను చేసినచో సలహా దొరకును.

మున్ముందు

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 మే 5న కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించినది. ప్రయాణములు మరల నిండినవి, కొన్నిచోట్ల హద్దుమీఱినవి. ఊటీ, కొడైకెనాలు పోవు వాహనములకు రద్దీ కారణముగా 2024 మే 7 నుండి ఈ-పాసు నిర్బంధమైనది. చేతిలో గది యున్నను కొండ యెక్కుటకు అనుమతి కావలెనన్నమాట! ఇంటినుండి ఉద్యోగము చేయు అలవాటు వచ్చి, వారమునకు బదులు నెలదినములు విడిదిలో నుండదలచువారు బయలుదేరిరి. ఏ బంధమును లేక రాత్రికింతయని ఇంటిని అద్దెకిచ్చువారు ఫోనులోనే దొరకుచున్నారు. వీరి పోటీవలన, నిర్ణీతమైన వారమునకు బదులు పాయింట్లు ఇచ్చు పద్ధతి ముందే బలపడియున్నది. దీర్ఘకాలపు ఒప్పందములు క్రమముగా చిన్నవి కావలసియుండునని మా యభిప్రాయము. ఇరువదియైదేండ్ల ముందుచూపు ఎవరికి కలదు? 2019 దీపావళినాడు మఱుసటి వేసవిలో తిరుమల ద్వారములు మూతపడునని మనలో ఎవ్వరైన తలచితిమా?

దూరపు కొండలు నునుపు. బొమ్మలో చూపిన కొండ మఱింత నునుపు. విహారము మానుమని మేము చెప్పుట లేదు. సంవత్సరమున కొక వారము సంసారమంతయు నొకచోట నవ్వుచు గడపుట ఖర్చు కాదు, ఆరోగ్యము. కాని ఆ వారముకొఱకు కూడబెట్టిన సొమ్ము, ఆపదనాడు ఆసుపత్రి గుమ్మమువద్ద అక్కఱకు వచ్చు సొమ్ము, రెండును ఒకే పోపులపెట్టెలోనివని మహామారి మనకు చూపినది. ఆపదకు వలసినది ముందు తీసి వేఱుగా నుంచి, మిగిలినదానితో విహారము చేయు గృహిణి ఏ కొండకు పోయినను నిశ్చింతగా నిద్రపోవును.